క్రిమియా తాతార్ల గురించి మా ఎంపీ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మా లోక్‌సభ సభ్యులు గారికి నమస్కారం.

రెండుసార్లు ఉత్తరం రాశాను, ఒకసారి స్వయంగా వచ్చి అర్జీ ఇచ్చాను. జవాబు లేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

నేను నల్లసముద్రపు ద్వీపకల్పం క్రిమియాలోని సింఫెరోపోల్ నగరంలో మెడిసిన్ చదివాను. మా ఇంటి ఓనరు ఒక తాతార్ పెద్దావిడ. తాతార్లు క్రిమియా మూలవాసులు. 1944 మే 18న తెల్లవారకముందే సైనికులు తలుపు బాదినప్పుడు ఆమెకు ఆరేళ్లు. సర్దుకోవడానికి పావుగంట ఇచ్చారట. వాళ్లమ్మ కంగారులో ఇత్తడి కాఫీ మర పట్టుకుని రొట్టె మర్చిపోయింది. ఆ మర వంటగదిలోనే ఉండేది. మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు.

జర్మన్లకు సాయం చేశారన్న నెపంతో స్టాలిన్ ప్రభుత్వం దాదాపు రెండు లక్షల మందిని గూడ్సు బండ్లలో, ఎక్కువగా ఉజ్బెకిస్తాన్‌కు తరలించింది. ఎర్రసైన్యంలో పోరాడినవాళ్లనూ వదల్లేదు. 1967లో నింద తీసేశారు గానీ 1980ల చివరిదాకా సొంతగడ్డకు రానివ్వలేదు. తీరా వస్తే, తమ ఇళ్లలో వేరేవాళ్లు! 2014లో రష్యా క్రిమియాను ఉక్రెయిన్ నుంచి లాక్కుని కలిపేసుకుంది. 2016లో తాతార్ల ప్రతినిధి సభ మెజ్లిస్‌ను నిషేధించింది. ఆ నిషేధాన్ని కొనసాగించడం తన 2017 ఆదేశానికి విరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2024లో తేల్చింది.

రష్యాతో మన స్నేహం నాకు తెలియనిది కాదు. ఆ స్నేహం ఉంది కాబట్టే అడగమంటున్నాను. నిషేధం ఎత్తేయమని మన ప్రభుత్వం రష్యాకు చెప్పిందా, చెబుతుందా అని వచ్చే సమావేశాల్లో లిఖితపూర్వక ప్రశ్న వేయండి. వేసిన తేదీ దయచేసి నాకు తెలియజేయండి.

ఇట్లు,
మీ నియోజకవర్గ ఓటరు