ఓఆర్‌ఎస్ పొట్లం పంచితే చాలదు, కలపడం నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

2024 సెప్టెంబరులో మా విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలో మునిగిన తరువాత, వీధివీధినా ఓఆర్‌ఎస్ (విరేచనాలప్పుడు నీటిలో కలిపి తాగించే ఉప్పు, గ్లూకోజు పొడి) పొట్లాలు పంచారు. ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేసిన అలవాటుకొద్దీ నేనూ నాలుగిళ్లు తిరిగాను. ఒక ఇంట్లో రెండేళ్ల బాబుకు నీళ్ల విరేచనాలు అవుతుంటే, తల్లి లీటరు నీటిలో కలపవలసిన పొట్లాన్ని మొత్తంగా ఒక టీ గ్లాసులో కలిపి తాగిస్తోంది. "చిక్కగా ఉంటే తొందరగా కడుతుంది కదమ్మా" అన్నది. ఆమెను తప్పుపట్టలేం; పొట్లం చేతిలో పెట్టినవారు ఎంత నీటిలో కలపాలో చూపించలేదు. అంత చిక్కగా తాగిస్తే ఒంట్లో నీరే పేగులోకి దిగి విరేచనాలు ఎక్కువవుతాయి, రక్తంలో ఉప్పు పెరిగి బిడ్డకు ఫిట్స్ కూడా రావచ్చు. లీటరు సీసా తెప్పించి, మరో పొట్లం ఆమె చేతనే కలిపించి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టించి వచ్చాను.

ఆసియాలో ఈ చిక్కును అందరికన్నా లోతుగా పట్టించుకున్న దేశం బంగ్లాదేశ్. కలరా రోగికి ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని నోటి ద్వారానే ఇచ్చి బతికించవచ్చని 1968లో తేలింది ఢాకాలోని పరిశోధనాలయంలోనే. 1971 యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ నిండుకున్నప్పుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ ఈ నీటినే నమ్ముకుని, 30 శాతం దాకా ఉన్న మరణాలను 4 శాతం లోపుకు తెచ్చారు. అయితే మందు దొరికినంత మాత్రాన అది ప్రతి ఇంటికీ చేరదు కనుక, బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 1980 నుండి పదేళ్లపాటు ఊరూరా మహిళా కార్యకర్తలను పంపి, కోటీ ఇరవై లక్షల ఇళ్లలో తల్లులకు మూడువేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అరసేరు (సుమారు అర లీటరు) నీళ్లు కలపడం నేర్పించింది. నేర్పి వదిలేయలేదు. కొన్ని వారాల తరువాత మరొకరు వెళ్లి, కొన్ని ఇళ్లలో తల్లి చేత మళ్లీ చెప్పించి, కలిపించి చూసేవారు. ఆ తల్లికి ఎంత గుర్తున్నదో దానినిబట్టే నేర్పిన కార్యకర్తకు డబ్బు ముట్టేది. మొదట్లో నేర్చుకున్నవారు కూడా వాడటం లేదని తెలిసినప్పుడు, మసీదుల్లో, సంతల్లో మగవారితోనూ మాట్లాడారు. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ తిరిగి వెళ్లి చూడటమే.

మన దగ్గర వరద తీయగానే శ్రద్ధ కూడా తీస్తుంది. అలా శ్రద్ధ తీస్తే ఏమవుతుందో శ్రీలంక చూపించింది. అక్కడ మలేరియా కేసులు 1963లో 17కు తగ్గాయి. అక్కడితో పట్టు సడలించగా ఆ దశాబ్దం ముగిసేలోపే లక్షల్లోకి పోయాయి. మలేరియా రహిత దేశమన్న గుర్తింపు వారికి 2016లో గాని రాలేదు.

అందుచేత అధికారులకు నా విన్నపం ఇది. ఏటా వానలు పడకముందే, బుడమేరు వెంబడి ఉన్న వార్డుల్లోనూ, మురుగు కాలువల పక్కనుంచి మంచినీటి గొట్టాలు పోయే గుంటూరు పాత పేటల్లోనూ, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, ఆ ఇంట్లో ఉన్న సీసాతోనే లీటరు ఎంతో చూపి, తల్లి చేత పొట్లం కలిపించాలి. కలిపిన నీరు 24 గంటలు దాటితే పారబోయాలనీ, విరేచనాలు కట్టినా జింకు మాత్రలు 14 రోజులు వేయాలనీ చెప్పాలి. నెల తరువాత వేరొకరు వెళ్లి అడిగి చూడాలి. ఇది ఆశాల నెత్తిన మరో ఉచిత చాకిరీ కాకుండా వారికి విడిగా పారితోషికం ఇవ్వాలి.

మరొక్క మాట. ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకున్న తీపి పానీయాలు మందుల దుకాణాల్లోనే అమ్ముడుపోయేవి. హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన మీదట, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పేరు వాడరాదని ఆదేశించింది. దుకాణానికి పరుగెత్తే తండ్రులకు ఈ తేడా కూడా తెలియాలి.

ఏ ఒక్క వార్డులోనైనా ఈ పని మొదలుపెడితే, నేర్పడానికి నాబోటి విశ్రాంత నర్సులు ఈ ఊళ్లో చాలామందిమే ఉన్నాం. పిలిస్తే వస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సు,
విజయవాడ.