ప్యాకింగ్ టేబుల్ దగ్గర మాకు స్టూళ్లు వేయించండి: ఫ్యాక్టరీల తనిఖీ అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారం. నేను రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో తొమ్మిదేళ్లుగా ప్యాకింగ్ చేస్తున్నాను. మీ కార్యాలయంలో రెండుసార్లు అర్జీ ఇచ్చాం. జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాను.

మా టేబుళ్లన్నీ ఒకే ఎత్తు. పొట్టివాళ్లు భుజాలు పైకెత్తి, పొడవైనవాళ్లు నడుము వంచి పని చేయాలి. షిఫ్టంతా తడి నేల మీద గమ్ బూట్లతో నిలబడే ఉంటాం. మెడ వంచి తూకం చూడటం, అదే మణికట్టుతో అదే కదలిక. చలికి వేళ్లు బిగుసుకుపోయి ఇంకా గట్టిగా పట్టుకోవాల్సి వస్తుంది. చివర్లో పది పన్నెండు కేజీల కార్టన్లు నేల మీద నుంచి ఎత్తి, నడుము తిప్పి పేర్చాలి. నా పక్కన పనిచేసే అక్క ఇప్పుడు తన కూతురికి జడ వేయలేదు, చెయ్యి పైకి లేవదు. నొప్పి అంటే సెలవు పెట్టమంటారు, సెలవు పెడితే ఆ రోజు కూలి పోతుంది.

నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు. కార్మికుల భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల మీద 2020లో చేసిన చట్టం, అంటే కార్మిక కోడ్‌లోనూ ఉంది. మేం కొత్తగా అడుగుతున్నది కాదు.

దయచేసి షిఫ్టు నడుస్తుండగా, ముందు చెప్పకుండా వచ్చి చూడండి. స్టూళ్లు, పొట్టివాళ్లకు కాళ్ల కింద పీటలు, కార్టన్లకు ట్రాలీలు, రెండు గంటలకోసారి పని మార్పు ఏర్పాటు చేయించండి. నెలలోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని కోరుతున్నాం.

ఇట్లు,
ఒక ప్యాకింగ్ కార్మికురాలు