ఫైర్ స్టేషన్‌కు డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది?

అందరికీ నమస్కారం. ఫైరింజన్ ఆలస్యం గురించి నిన్న చాలామంది సిబ్బందిని తిట్టారు. నా మనసులో మాట చెప్తాను.

రాజ్యాంగం 12వ షెడ్యూల్‌లో అగ్నిమాపక సేవ పురపాలికల పనుల్లో ఉంది. మన తెలుగు రాష్ట్రాల్లో మాత్రం దాన్ని రాష్ట్ర శాఖే నడుపుతుంది. జీతాలు, డీజిల్, గొట్టాలు, అన్నిటికీ రాష్ట్ర బడ్జెట్టే దిక్కు. 2023లో కేంద్రం రూ.5,000 కోట్లతో ఆధునికీకరణ పథకం తెచ్చింది. అందులో మన రాష్ట్రాలు 25 శాతం వాటా పెట్టాలి. అది కొత్త స్టేషన్లకూ, పరికరాలకూ, శిక్షణకూ. బండి వస్తుంది సరే, దాన్ని నడిపే మనిషికి నెలనెలా జీతం? అసలు చిక్కు అక్కడే ఉంది.

ఎమ్మెల్యేగారికి ఇచ్చే వినతిపత్రంలో కొత్త బండితోపాటు ఖాళీ పోస్టుల భర్తీ కూడా రాద్దాం. సంతకం చేసేవాళ్ళు ఆదివారంలోగా ఇక్కడే పేరు పెట్టండి.