కాన్పు గదిలో ఒక కుర్చీ వేయించండి

ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

నాది సుఖప్రసవం. పాప పుట్టగానే గట్టిగా ఏడ్చింది, నేనూ క్షేమంగా ఇంటికి వచ్చాను. ఆసుపత్రి రిజిస్టరులో నా పేరు ఎదుట ఏ ఇబ్బందీ నమోదై ఉండదు. మీ శాఖకు నెలనెలా చేరే లెక్కల్లో నేను మంచి వైపు అంకెనే. చెప్పదలచుకున్నది ఆ అంకెలో కనిపించదు కనుక ఉత్తరం రాయవలసి వచ్చింది.

అడిగేది ఒక్కటే. నొప్పులు పడుతున్న ప్రతి స్త్రీ పక్కన, ఆమె కోరుకున్న ఒక మనిషిని కాన్పు అయ్యేదాకా ఉండనివ్వండి. తల్లి కావచ్చు, అక్క కావచ్చు, భర్త కావచ్చు, స్నేహితురాలు కావచ్చు. ఎవరన్నది ఆమె ఇష్టం. ఆ మనిషి కూర్చోవడానికి ఒక కుర్చీ వేయించండి. ఇందుకు కొత్త యంత్రాలు కొనక్కర్లేదు, కొత్త భవనం కట్టక్కర్లేదు.

లోపల ఏం జరుగుతుందో కొంత చెబితే తప్ప, ఇంత చిన్న కోరికకు ఇంత పెద్ద ఉత్తరం ఎందుకో మీకు అర్థం కాకపోవచ్చు.

నొప్పులు రాత్రి పొద్దుపోయాక మొదలయ్యాయి. మొదట నడుములో సన్నని లాగుడు, పడుకున్న తీరు సరిగా లేదేమో అనిపించేంత తేలిక. తెల్లవారుజాముకు అది నడుము నుంచి పొత్తికడుపు దాకా చుట్టుకొచ్చి బిగుసుకునేది. వచ్చినప్పుడు మాట మధ్యలో ఆగిపోయేది, పోయాక మిగతా మాట పూర్తి చేసేదాన్ని. నొప్పికీ నొప్పికీ నడుమ అంత ప్రశాంతమైన ఖాళీ ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. అందరూ నొప్పి గురించే చెబుతారు. ఆ ఖాళీలో కునుకు కూడా పడుతుందని ఎవరూ అనరు. ఇంట్లో ఉన్నంతసేపూ మా అక్క వెనక కూర్చుని, నా ఊపిరిని బట్టి నొప్పి ఎక్కుతోందని కనిపెట్టి, నడుము అడుగున అరచేయి అదిమి ఉంచేది. అలా అదిమితే నొప్పి పోదు. కానీ ఇది దిగుతుంది, దిగేదాకా ఓర్చుకోగలను అన్న ధైర్యం వస్తుంది.

ఉమ్మనీరు పోయాక ఆసుపత్రికి వెళ్లాం. కాన్పు గది గుమ్మం దగ్గర అక్కను ఆపేశారు. "మీరు బయట కూర్చోండమ్మా, అయ్యాక పిలుస్తాం" అన్నారు. దురుసుగా ఏమీ అనలేదు. రోజూ అనే మాటే అన్నారు.

లోపల ఎత్తయిన మంచం, దాని మీద రబ్బరు షీటు, రెండు పక్కలా ఇనుప కమ్మీలు. వెల్లకిలా పడుకోమన్నారు. కాసేపు నడుస్తానంటే వద్దన్నారు. ఎందుకు వద్దో చెప్పే తీరిక ఎవరికీ లేదు. నర్సు వచ్చి పరీక్ష చేసి "నాలుగు" అన్నారు. నాతో కాదు, కాగితం పట్టుకుని నిలబడిన అమ్మాయితో. నాలుగంటే మంచిదో కాదో నాకు తెలియదు. చాలాసేపటికి మరొకరు వచ్చి చూసి, విసుగ్గా "ఇంకా ఐదే" అన్నారు. ఆ విసుగు వినగానే నేనేదో సరిగా చేయడం లేదన్న భయం పట్టుకుంది. నా ఒంట్లో జరుగుతున్న పని గురించిన కబురు నన్ను దాటుకుని కాగితం మీదికి పోతోంది.

పక్క మంచం మీద ఒక అమ్మాయి. మధ్యలో తెర ఉంది కనుక ముఖం చూడలేదు. నొప్పి వచ్చినప్పుడల్లా "అమ్మా" అని అరిచేది. ఆ అమ్మ గోడకు అవతలే బెంచీ మీద ఉంది. పిలుపు వినిపిస్తూనే ఉండి ఉంటుంది. "అరవకు, బలమంతా పోతుంది" అని ఎవరో కసిరారు. ఆ తరువాత ఆమె అరవడం మాని మూలగసాగింది. నా నొప్పి దిగినప్పుడు ఒకసారి తెర ఇవతలి నుంచి "నీకు ఎంత అన్నారు?" అని అడిగాను. "ఆరు" అంది. "నాకు ఐదు. అయితే నువ్వే ముందు" అన్నాను. నవ్విందనుకుంటాను. ఆ గదిలో నాతో ఎవరైనా మాట్లాడిన మాటంటూ ఉంటే అదొక్కటే. మిగతావన్నీ ఆదేశాలు.

కొంతసేపటికి ముక్కాలన్న ఒత్తిడి మొదలవుతుంది. అది మనం పూనుకుని చేసేది కాదు, ఒళ్లు తనంతట తాను చేసుకుపోయేది. సరిగ్గా ఆ సమయానికి నా దగ్గర ఎవరూ లేరు. పిలిచాను. నొప్పి వచ్చింది, పోయింది, మళ్లీ పిలిచాను. ఎవరూ చూడకుండానే బిడ్డ బయటికి వచ్చేస్తే ఎవరు పట్టుకుంటారు? ఆ కాసేపూ నాకు వేరే ఆలోచన లేదు. అక్క పక్కన ఉంటే గుమ్మం దాకా పరుగెత్తి ఒకరిని తీసుకొచ్చేది. అందుకు వైద్యం చదివి ఉండనక్కర్లేదు.

ఆ తరువాత అందరూ ఒకేసారి వచ్చారు. "ముక్కమ్మా, ముక్కు" అని అన్ని వైపుల నుంచీ గొంతులు. ఒకావిడ నా పొట్ట పైభాగాన మోచేత్తో నొక్కింది. కత్తెర పడిందని చప్పుడును బట్టి తెలుసుకున్నాను, ఎవరూ చెప్పలేదు. తల బయటికి వచ్చేటప్పుడు ఒక్క క్షణం భగ్గుమనే మంట, వెంటనే భుజాలు, ఆ వెంటనే మొత్తం పాప. వెచ్చగా, జారుడుగా, నేను ఊహించినదానికంటే బరువుగా ఉంది. ఛాతీ మీద పెట్టగానే కళ్లు తెరిచి, వెలుగుకు ముఖం చిట్లించింది. నొప్పి ఎటు పోయిందో తెలియదని తల్లులు చెప్పే మాట నిజమే, నేనూ మరిచిపోయాను. ఎవరూ లేని ఆ కాసేపటిని మాత్రం మరిచిపోలేదు.

ఆ రోజు పనిలో ఉన్న నర్సుల మీద ఫిర్యాదుగా దీన్ని చూడకండి. వాళ్లు ఇద్దరే. అన్ని మంచాలకూ ఆ ఇద్దరే, రాతపని కూడా వాళ్లదే. నా దగ్గర లేని ఆ కాసేపట్లో ఒకామె పక్క మంచం అమ్మాయి బిడ్డను అందుకుంటున్నారు. ఆమెను రెండుగా చీల్చలేం కదా. నర్సుల సంఖ్య పెంచమని అడగాలంటే అదొక వేరే ఉత్తరం, అది కూడా ఎవరో ఒకరు రాయాలి. కానీ నా చేయి పట్టుకోవడానికి నర్సే కానక్కర్లేదు. ఆ పని చేయగల మనిషిని గుమ్మంలోనే ఆపి, లోపల మనుషులు చాలడం లేదనడం ఏం ఏర్పాటు?

నా ఒక్కదాని అనుభవం చూపి నియమం మార్చమనడం లేదు. వైద్య అధ్యయనాల ఫలితాలను కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థ 2017లో ఒక సమీక్ష ప్రచురించింది. 17 దేశాల్లో 15 వేల మందికి పైగా స్త్రీలతో జరిగిన 26 అధ్యయనాల ఫలితాలను అందులో కలిపి చూశారు. నొప్పులు పడుతున్నంతసేపూ ఎడతెగని తోడు ఉన్నవారిలో సహజ ప్రసవాలు ఎక్కువ, సిజేరియన్లు తక్కువ. నొప్పులు సాగే వ్యవధి సగటున సుమారు 40 నిమిషాలు తగ్గింది. నొప్పి తెలియకుండా ఇచ్చే మందుల అవసరమూ తగ్గింది. తోడు వల్ల హాని జరిగినట్టు ఎక్కడా తేలలేదు. ఇలాంటి ఫలితాలిచ్చే మాత్ర ఏదైనా మార్కెట్లోకి వస్తే, మీ శాఖ దాన్ని ప్రతి ఆసుపత్రికీ పంపకుండా ఉంటుందా?

ఇందులో మాయ ఏమీ లేదు. గర్భసంచిని ముడుచుకునేలా చేసేది ఆక్సిటోసిన్ అనే హార్మోను. భయపడినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, అది నొప్పులను మందగింపజేయగలదు. భయపెట్టే గదిలో ఒంటరిగా పడుకోబెట్టి, నొప్పులు సాగడం లేదని సెలైన్‌లో అదే ఆక్సిటోసిన్ ఎక్కించడం ఎంతవరకు సబబో మీ వైద్య నిపుణులనే అడగండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో కాన్పు సంరక్షణపై మార్గదర్శకాలు ఇచ్చింది. తాను ఎంచుకున్న తోడు ప్రతి స్త్రీకీ ఉండాలని అందులో ఉంది. ఇంటికి వచ్చాక, పాప నిద్రపోతున్న వేళల్లో ఆ మార్గదర్శకాలు చదువుతుంటే ఆ రోజంతా మళ్లీ కళ్ల ముందు తిరిగింది. పొట్ట మీద నొక్కి బిడ్డను కిందికి తోయడం వద్దని ఉంది. బిడ్డ బయటికి వచ్చే దారి దగ్గర అందరికీ అలవాటుగా కోత పెట్టవద్దని ఉంది. నడవాలనుకున్నవారిని నడవనివ్వమని ఉంది. "ఇంకా ఐదే" అన్న విసుగు ఎక్కడిదో కూడా అక్కడే అర్థమైంది. న్యూయార్క్‌లో ఇమాన్యుయెల్ ఫ్రీడ్‌మన్ అనే వైద్యుడు 1955లో 500 తొలి కాన్పులను గమనించి, కాన్పు సాగే వేగాన్ని చూపుతూ గీసిన గీత ఒకటుంది. గర్భాశయ ముఖద్వారం గంటకు కనీసం ఒక సెంటీమీటరు తెరుచుకోవాలన్న లెక్క అలాంటి గీతల నుంచే స్థిరపడింది. ఆ వేగం అందరికీ వర్తించదనీ, ఐదు సెంటీమీటర్ల దాకా నిదానంగా సాగడం మామూలేననీ 2018 మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. అంటే నా ఒళ్లు తన పని సక్రమంగానే చేస్తోంది. ఆ సంగతి నాకు ఒక్కరు చెప్పి ఉంటే చాలు.

మీ అధికారులు అభ్యంతరాలు చెబుతారు. మొదటిది, బయటివాళ్లు వస్తే ఇన్‌ఫెక్షన్ వస్తుందని. 1847లో వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు కనుక్కున్నది ఏమిటి? మంత్రసానుల వార్డులో కంటే వైద్యుల వార్డులో బాలింతలు ఎక్కువగా చనిపోతుంటే, కారణం శవపరీక్ష గది నుంచి కడుక్కోకుండా వచ్చిన వైద్యుల చేతులేనని. క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడిగించగానే మరణాలు బాగా తగ్గాయి. తలాపున కూర్చునే అక్కకు కూడా చేతులు కడిగించండి, గౌను తొడిగించండి. ఆమె ఏ పరికరాన్నీ ముట్టుకోదు. 2020లో కోవిడ్ కాలంలో చాలాచోట్ల తోడును నిలిపివేసినప్పుడు కూడా, తల్లి కోరుకున్న తోడును ఉండనివ్వాలనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

రెండోది, పక్క మంచాల స్త్రీల గోప్యత. ఇది సరైన అభ్యంతరమే, ముఖ్యంగా తోడుగా వచ్చేది మగవారైనప్పుడు. కానీ తెరలు లేవని తోడును ఆపడం కంటే తెరలు కట్టించడం తేలిక. పైగా తెర లేని గది, తోడు వచ్చినా రాకపోయినా, ఆ స్త్రీలకు అవమానమే. మూడోది, రద్దీ. చుట్టాలందరినీ పంపమని నేను అడగడం లేదు. కాన్పు గదిలో చుట్టాల సందడి నాకూ ఇష్టం లేదు, మా వాళ్లు ఇది చదివినా సరే. ఒక్క మనిషి చాలు.

పైకి చెప్పని అభ్యంతరం ఇంకొకటి ఉంది. పక్కన మనిషి ఉంటే సాక్షి ఉన్నట్టే. కసరడానికి, చెయ్యి చేసుకోవడానికి, చెప్పకుండా కొయ్యడానికి వెనకాడవలసి వస్తుంది. కాన్పు సమయంలో స్త్రీల పట్ల జరిగే అగౌరవం, హింస చాలా దేశాల్లో ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే బహిరంగ ప్రకటన చేసింది. సాక్షి ఉండటం మంచి సిబ్బందికీ మేలే. తాము ఎంత చేశారో బయటికి వెళ్లి చెప్పే మనిషి ఒకరు దొరుకుతారు.

బ్రెజిల్ 2005లోనే ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ తోడును చట్టబద్ధమైన హక్కుగా చేసింది. మన దగ్గర ఒక్కో ఆసుపత్రి అలవాటును బట్టి, ఒక్కో రోజు గుమ్మంలో ఎవరున్నారన్నదాన్ని బట్టి నిర్ణయం మారితే సరిపోదు. ఉత్తర్వులో అనుమతించవచ్చు అని రాస్తే అనుమతించరు. అనుమతించాలి అని రాయండి. నిరాకరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలని చేర్చండి. తోడు వచ్చేవారికి ఏం చేయాలో, ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు పక్కకు తప్పుకోవాలో నెలనెలా పరీక్షలకు వచ్చినప్పుడే నాలుగు మాటలు చెప్పించండి. ఆపరేషన్ అవసరమైతే ఏం చేయాలన్నది వైద్యులకు వదిలేయండి, దాని మీద నాకు పట్టుదల లేదు.

అమలవుతోందో లేదో తెలుసుకోవడానికి కొత్త రిజిస్టరు కూడా అక్కర్లేదు. కాన్పు జరుగుతున్నంతసేపూ నింపడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఒక పత్రం రూపొందించింది. పేరు, వివరాల తరువాత అందులో మొట్టమొదటి గడి తోడు గురించే. బిడ్డ గుండె చప్పుడు నమోదు చేసే గడి కూడా దాని తరువాతే వస్తుంది. తోడు లేదని రాయవలసి వస్తే, దాన్ని వెంటనే పట్టించుకోవలసిన హెచ్చరికగా ఆ పత్రం లెక్కిస్తుంది. ప్రతి కాన్పు గదిలో ఆ పత్రమే వాడించండి. ఆ గడిలో ఎన్నిచోట్ల లేదు అని పడిందో, నెలాఖరు సమీక్షలో ప్రతి ఆసుపత్రినీ అడగండి.

ఉత్తర్వు వెలువడ్డాక దాని ప్రతిని ఫైల్లో పెట్టి ఊరుకోకుండా, కాన్పు గది తలుపు బయటివైపు, బెంచీ మీద కూర్చున్నవాళ్లకు చదవడానికి వీలుగా పెద్ద అక్షరాలతో అంటించమనండి. చదవలేనివారికి చదివి వినిపించమని కూడా అందులోనే రాయండి.

ఇట్లు,
ఒక తల్లి