తుపాకీ కళ్లెదుట కనిపిస్తున్నా ఫిర్యాదు కావాలా?

సంపాదకులకు నమస్కారం.

ఆ మధ్య మీ జిల్లా పేజీలో వేసిన పెళ్లి ఊరేగింపు ఫొటో గురించి ఈ ఉత్తరం. ఆలస్యంగా రాస్తున్నానని తెలుసు. ఎవరో ఒకరు ఏదో ఒక చర్య తీసుకుంటారు, ఆ వార్త కూడా మీ పేపర్లోనే వస్తుంది అని ఎదురుచూశాను. రాలేదు. డీజే బండి పక్కన పిస్తోలు పైకెత్తి నిలబడ్డ ఆ పెద్దమనిషి ఎవరో మా నియోజకవర్గంలో పాల ప్యాకెట్లు వేసే కుర్రాడిని అడిగినా చెబుతాడు. పోలీసులకు మాత్రం తెలియదు. "మాకు ఫిర్యాదు అందలేదు, అందితే పరిశీలిస్తాం" అన్నారని ఫొటో కిందే వేశారు. చాలా సంతోషం.

ఆ పెళ్లికి నేనూ వెళ్లాను. ఊరేగింపు దాకా ఉండలేదు గానీ భోజనాల దగ్గర ఆయన్ని చూశాను. ఇన్‌షర్ట్ చేసిన తెల్ల చొక్కా, నడుముకు గోధుమరంగు తోలు ఉర, పిడి అందరికీ కనబడేలా బయటికి. పక్క కుర్చీలోని పిల్లవాడు దాన్ని ముట్టుకోబోతే వాళ్లమ్మ చెయ్యి పట్టి లాగేసింది. ఎదురు వరుసలో కూర్చున్న ఖాకీ ఆయన పాయసం మళ్లీ వేయించుకున్నారు. ఆయనకు చూపు తక్కువేమీ కాదు. హెల్మెట్ లేని తలకాయను సందు మలుపులోనే గుర్తుపట్టి ఫొటో తీయగలరు.

ఇంతకీ ఈ ఫిర్యాదు ఎవరివ్వాలి? పెళ్లికూతురు తండ్రా, వంటవాళ్లా? 1959 నాటి ఆయుధాల చట్టం 19వ సెక్షన్ కింద, తుపాకీ మోస్తున్న మనిషిని ఏ పోలీసు అధికారైనా ఆపి లైసెన్సు చూపించమనవచ్చు. చూపించకపోతే పేరూ ఊరూ చెప్పమనవచ్చు, కావాలంటే తుపాకీ స్వాధీనం చేసుకోవచ్చు. ఫిర్యాదు ఊసే అందులో లేదు. 2016 ఆయుధాల నిబంధనల్లో 32వది ఇంకా సూటిగా ఉంది. లైసెన్సు ఉన్నవాడైనా సరే, నలుగురు తిరిగే చోట తుపాకీని ఉరలోనో సంచిలోనో పెట్టుకోవాలి, అది పూర్తిగా కప్పి ఉండాలి, ఝళిపించకూడదు, పేల్చకూడదు. 2019లో చట్టాన్ని సవరించి, పెళ్లిళ్లలో, సభల్లో సంబరానికి కాల్పులు జరిపి పక్కవాళ్ల ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ అని కూడా చేర్చారు. ఆ రాత్రి ఆయన పేల్చాడో లేదో మీ విలేఖరి రాయలేదు. ఆ డీజే మోతలో ఎవరికీ వినబడి ఉండదు లెండి. పేల్చకపోయినా, పైకెత్తి ఆడించడం ఒక్కటే చాలు కదా చర్యకు!

మా చిన్నాయన సంగతి చెబుతాను. ఆయనకు పంట కాపలా లైసెన్సు మీద ఒక తుపాకీ ఉంది. గొట్టంలో మందు దట్టించి పేల్చే పాతకాలపుది. చేను అడవి అంచున ఉంది. శనక్కాయ విత్తిన రాత్రే పందులు దిగి సాళ్లకు సాళ్లు తవ్విపోతాయి. ఆ శబ్దానికి బెదిరి పోతాయని గాల్లోకి ఒకటి పేలుస్తాడు, అంతే. ఎన్నికల కోడ్ వచ్చిందంటే చాలు, తుపాకీ స్టేషన్‌లో అప్పగించమని కబురు వస్తుంది. 2024 మార్చి 16న షెడ్యూల్ వచ్చినప్పుడూ అంతే. గోనెసంచిలో చుట్టి, పైన తువ్వాలు కట్టి, మోపెడ్ మీద కాళ్ల దగ్గర పెట్టుకుని తీసుకెళ్లాడు. దారిలో ఆపి సంచి విప్పించారు, లైసెన్సు పుస్తకంలో ప్రతి పేజీ తిప్పారు. స్టేషన్‌లో రైటర్ లేడు, రేపు రమ్మన్నారు. మళ్లీ వెళ్లి ఇచ్చి రసీదు తెచ్చుకున్నాడు. జూన్ 4న ఫలితాలొచ్చాయి. వారం గడిస్తే తిరిగివ్వాలి. విత్తే అదను వచ్చింది గానీ తుపాకీ రాలేదు. ఎస్సై గారు బందోబస్తుకు వెళ్లారన్నారు, బీరువా తాళం కోర్టు డ్యూటీ కానిస్టేబుల్ దగ్గర ఉందన్నారు. చివరికి చేతికొచ్చేసరికి గొట్టం తుప్పు పట్టింది. "ఆయుధాన్ని శుభ్రంగా పెట్టుకోవాలి పెద్దాయనా" అని హితబోధ కూడా చేసి పంపారు.

మీ ఫొటో చూసి మా చిన్నాయన అడిగింది ఒకటే: "ఏమిరా, ఈయప్పకు కప్పేదానికి గుడ్డ దొరకలేదా?"

ఇంట్లో కుర్రకారుతో ఈ మాటంటే అమెరికాను చూడమంటారు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లు చాలామంది లైసెన్సు అక్కర్లేకుండానే చేతి తుపాకీ ఉరలో కనబడేలా పెట్టుకుని తిరగవచ్చు. అది వాళ్ల రాజ్యాంగం, వాళ్ల తంటా. అక్కడ స్టోర్లలో పనిచేసుకునే మన పిల్లలు తూటాలకు బలైన వార్తలు కూడా మీ పేపర్లోనే చదువుతున్నాం. మన దగ్గర తుపాకీ హక్కు కాదు, జిల్లాల్లో కలెక్టరు ఇచ్చే అనుమతి. ఇచ్చిన చెయ్యి వెనక్కీ తీసుకోవచ్చు.

తీసుకుంటారా అన్నది వేరే మాట. ఈ రోజుల్లో చోటా నాయకుడికి కూడా కారుకంటే ముందు గన్‌మెన్ కావాలి. వన్ ప్లస్ వన్ ఇస్తే పరువు తక్కువ, టూ ప్లస్ టూ కావాలి. మనకు స్టేషన్‌లో సిబ్బంది కొరత, ఆయన గుడికెళితే ముందూ వెనకా సిబ్బంది. 2022 ఆగస్టులో మహబూబ్‌నగర్ ర్యాలీలో అప్పటి తెలంగాణ మంత్రి శ్రీనివాస్ గౌడ్ గారు పోలీసు తుపాకీ తీసుకుని గాల్లోకి కాల్చారు. రబ్బరు బుల్లెట్టేనని వివరణ ఇచ్చారు. చూస్తున్న జనానికి రబ్బరేదో సీసమేదో ఎలా తెలుస్తుంది? పోనీ ఇదంతా ఉత్త సోకు అనుకుందామా అంటే, 2020 డిసెంబరులో ఆదిలాబాద్ తాటిగూడలో గొడవ ముదిరి ఒక నాయకుడు లైసెన్సు రివాల్వర్‌తోనే కాల్చాడు, గాయపడినవాళ్లలో ఒకరు ఆసుపత్రిలో పోయారు.

మీ విలేఖరి దయచేసి మళ్లీ వెళ్లి అడగాలి. ఆ పిస్తోలుకు లైసెన్సు ఉందా, ఉంటే ఎవరి పేరు మీద ఉంది, ఈ ఫొటో తరవాత కలెక్టరేట్ నుంచి నోటీసు ఏమైనా వెళ్లిందా? ఫొటో వేసి వదిలేస్తే మీరు ఆయనకు ఉచితంగా ఫ్లెక్సీ కట్టించినట్టే. ఇప్పటికే దాన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాడు.

— ఓ పాత చందాదారు, చిత్తూరు జిల్లా