సంతకం పెట్టని కాగితం

అమ్మలూ,

నీ యూనిఫారం ఉతకడానికి వేస్తూ జేబులో చెయ్యి పెడితే నాలుగు మడతల కాగితం ఒకటి దొరికింది. చర్చా పోటీకి పంపడానికి తల్లిదండ్రులు ఇవ్వవలసిన అనుమతి పత్రం. పైన నీ పేరు, తరగతి నీ గుండ్రని అక్షరాల్లో ఉన్నాయి. కింద సంతకం చేయవలసిన చోటు ఖాళీగా ఉంది. ఆఖరు తేదీ దాటి మూడు రోజులైంది. మడతల దగ్గర కాగితం మెత్తబడి, ఒక మూల చిరగడానికి సిద్ధంగా ఉంది. దాన్ని ఎన్నిసార్లు బయటికి తీసి, మళ్లీ ఎన్నిసార్లు జేబులో పెట్టుకున్నావో ఆ మడతలే చెప్పాయి.

నిన్ను అడిగితే పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "ఒకసారి అడిగాను కదమ్మా, మళ్లీ చెప్పినా నీకు గుర్తుండదులే అనుకున్నాను" అన్నావు. ఆ మాటలో కోపం లేదు. కోపంగా అని ఉంటే నాకు కొంత నయంగా ఉండేది. మబ్బు పట్టింది కాబట్టి గొడుగు తీసుకువెళ్లినట్టు, అమ్మ మరచిపోతుంది కాబట్టి అడగడం మానేశావు. పోటీ పోయినందుకు బాధగానే ఉంది. కానీ నాలుగు రోజులుగా నన్ను ముల్లులా గుచ్చుతున్నది మాత్రం నువ్వు అలా సర్దుకుపోవడం.

బడికి ఫోను చేశాను. పేర్ల జాబితా పంపేశారట, ఇక కుదరదన్నారు. ఆ అవకాశం నీకు నా వల్లే పోయింది. తప్పు నాది, నన్ను క్షమించు తల్లీ. ఇక్కడ నేను రాయబోయేదేదీ ఆ తప్పును చిన్నది చేయడానికి కాదు. కానీ నువ్వు మనసులో ఒక లెక్క కడుతున్నావని నా భయం. అమ్మకు ఆఫీసు పనులన్నీ గుర్తుంటాయి, నా పని గుర్తులేదు, అంటే నేను అంత ముఖ్యం కాదు. ఇదీ ఆ లెక్క. అది ఎక్కడ తప్పిందో నీకు చూపించాలి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నువ్వు కాగితం తెచ్చిన సాయంత్రాన్ని గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. నెలాఖరు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని ఉన్నాను. అవతల మా ఆఫీసులో ఒకతను లెక్క తేలని పద్దులు ఒక్కొక్కటీ చదువుతున్నాడు. ఆ అంకెలు ఇప్పటికీ వరసగా చెప్పగలను. పదిహేడో పద్దు దగ్గర ఆగి దగ్గాడు, అదీ గుర్తుంది. నువ్వు కాగితం చాపితే "రేపు పొద్దున చేస్తాను" అన్నాను. అప్పుడు నువ్వు నిలబడి ఉన్నావా, నా పక్కన కూర్చున్నావా? ఏ రంగు బట్టలు వేసుకున్నావు? పోటీకి ఎంపికయ్యానని సంతోషంగా చెప్పావా, మామూలుగానే చెప్పావా? ఎంత తడుముకున్నా ఒక్కటీ దొరకలేదు. పలక మీద తుడిచేసిన అక్షరం జాడైనా మిగులుతుంది. ఈ పలక మీద బలపమే ఆనలేదు.

దీనికి మన భాషలో పరధ్యానం అనే మంచి మాట ఉంది. దాచుకున్నది పోతే అది మతిమరుపు. మనసు వేరేచోట ఉండి అసలు దాచుకోకపోతే అది పరధ్యానం. చూసేవాళ్లకు రెండూ ఒకేలా ఉంటాయి, అనుభవించేవాళ్లకూ ఒకేలా ఉంటాయి. ఇన్నాళ్లూ నేను కూడా "నా జ్ఞాపకశక్తి పోతోంది" అనే అనుకుంటూ, దానికోసమే బెంగపడుతూ వచ్చాను. పదిహేడో పద్దు దగ్గరి దగ్గు గుర్తున్న మనిషికి జ్ఞాపకశక్తి ఎక్కడికి పోయింది? పోయింది ధ్యాస.

మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగేది చాలా కొద్ది. ఏడు, అటూ ఇటూగా రెండు అని 1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాశాడు. 2001లో నెల్సన్ కోవన్ దాన్ని ఇంకా తగ్గించి, దాదాపు నాలుగే అన్నాడు. ఆ సాయంత్రం నా తలలో ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టి చూశాను. తేలని పద్దులు. మరునాడు పై అధికారికి చెప్పుకోవలసిన జవాబు. ఎనిమిదింటికి తమ్ముడికి వేయవలసిన జ్వరం మందు. మధ్యాహ్నం నుంచి తాతయ్య ఫోను ఎత్తడం లేదన్న ఆందోళన. అక్కడికే గుప్పిట నిండిపోయింది. నిండిన గుప్పిట్లో ఇంకొక గులకరాయి పెడితే ఏదో ఒకటి జారుతుంది, జారినట్టు చేతికి తెలియదు. గట్టిగా పిలిచేవి చోటు సంపాదించుకుంటాయి. తమ్ముడు ఏడుస్తాడు, ఫోను మోగుతుంది. నువ్వు ఒక్కసారి చెప్పి ఊరుకుంటావు. నీ నెమ్మదితనమే నీకు నష్టం చేసింది. దాన్ని కనిపెట్టి ఉండవలసింది నేను.

ఇంకొక సంగతి నీకు సులువుగా అర్థమవుతుంది. పరీక్షలో ప్రశ్నపత్రం నిన్ను అడుగుతుంది, అడిగితే జవాబు గుర్తొస్తుంది. "రేపు పొద్దున సంతకం చేయాలి" అన్నదాన్ని రేపు పొద్దున ఎవరూ అడగరు. జరిగినదాన్ని గుర్తు తెచ్చుకోవడం ఒక పని, జరగవలసినదాన్ని వేళకు గుర్తు తెచ్చుకోవడం ఇంకొక పని. రెండోదాంట్లో, గుర్తు చేసుకోవాలన్న సంగతిని కూడా మనమే గుర్తుంచుకోవాలి. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు, పెద్దవాళ్లు ఒక్కసారిగా మీద పడే ఈ వయసులో మరపులు ఎక్కువగా ఈ రెండో రకంలోనే జరుగుతాయి.

అందుకే "రేపు చేస్తాను" అనే మాటను నేను మానేయదలచుకున్నాను. పీటర్ గోల్‌విట్జర్ అనే ఆయన 1999లో రాసిన వ్యాసం ఒకటి ఉంది. ఒక పని చేయాలనుకోవడం కన్నా, ఫలానాది జరిగినప్పుడు చేస్తాను అని ముందే ముడివేసుకుంటే ఆ పని జరిగే అవకాశం పెరుగుతుందని దాని సారాంశం. ఆ సాయంత్రం నేను "పొద్దున కళ్లజోడు పెట్టుకోగానే సంతకం చేస్తాను, కాగితం కళ్లజోడు కింద పెట్టు" అని ఉంటే ఈపాటికి నువ్వు నీ వాదన తయారు చేసుకుంటూ ఉండేదానివి. ఇకమీదట నేను రేపు అంటే ఒప్పుకోవద్దు. ఏ పని అవ్వగానే అని అడుగు. అడగడం నీ హక్కు, అది నన్ను విసిగించడం కాదు.

ఒక నోటుపుస్తకం కూడా పెట్టాను, నువ్వు చూసే ఉంటావు. ఇదివరకు రాసుకోలేదని కాదు. కొన్ని ఫోనులో, కొన్ని ఆఫీసు డైరీలో, కొన్ని కవర్ల వెనక రాసేదాన్ని. ఎక్కడ రాశానో గుర్తుంచుకోవడం మరొక బరువైంది. ఇప్పుడు ఒకటే చోటు, విన్న వెంటనే రాయడం. వెంటనే ఎందుకంటే, మరపు మొదటి గంటల్లోనే బాగా వేగంగా జరుగుతుందని హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే చూపించాడు. కాసేపయ్యాక రాద్దామనుకుంటే రాయడానికే ఏమీ మిగలదు.

నిజం చెప్పాలంటే, మొదట్లో పుస్తకం తీసి రాసుకోవడం నాకు నామోషీగా ఉండేది. చిన్నప్పుడు నన్ను ఏకసంథాగ్రాహి అనేవారు మరి. ఒక పాత సంఘటన గురించి చదివాక ఆ సిగ్గు పోయింది. 1935 అక్టోబరు 30న అమెరికాలో బోయింగ్ మోడల్ 299 అనే కొత్త విమానం పైకి లేచిన కాసేపటికే కూలిపోయింది. యంత్రం చెడిపోలేదు. నేల మీద నిలిపి ఉంచినప్పుడు తోక భాగాలు గాలికి ఊగకుండా వేసే బిగింపు ఒకటి ఉంటుంది, దాన్ని తీయడం మరచిపోయారు. నడిపినవాళ్లు ఆరితేరినవాళ్లే. అప్పుడు అక్కడివాళ్లు ఇంకా గొప్ప జ్ఞాపకశక్తి ఉన్న పైలట్ల కోసం వెదకలేదు. విమానం కదిలేముందు చదువుకుంటూ చూసుకోవలసిన పనుల జాబితా తయారు చేశారు. ఎంత అనుభవజ్ఞులైనా ఇప్పటికీ అది చూడకుండా విమానం కదల్చరు.

ఇక నువ్వు నాన్నను రహస్యంగా అడిగిన ప్రశ్న. అమ్మకు అల్జీమర్స్ వస్తోందా అని అడిగావట. నాన్న నాకు చెప్పారు, ఆయన మీద కోపం తెచ్చుకోకు. ఆ భయంతో నువ్వు ఒంటరిగా ఎన్ని రోజులు గడిపావో అనుకుంటే గుండె కలుక్కుమంది. భయపడింది నువ్వొక్కదానివే కాదు. అందుకే పోయిన నెల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆమె చాలాసేపు మాట్లాడింది, రక్తపరీక్షలు రాసింది. థైరాయిడ్ తక్కువైనా, బి12 విటమిన్ తక్కువైనా మరపు వస్తుందట. దిగులు వల్లా వస్తుంది, నిద్రమత్తు కలిగించే కొన్ని జలుబు మాత్రల వల్లా వస్తుంది. నాకు థైరాయిడ్ బాగానే ఉంది, బి12 తక్కువగా ఉంది. దానికి మందు వాడుతున్నాను.

నువ్వు పెద్దదానివవుతున్నావు కాబట్టి ఇంకొకటి దాచకుండా చెబుతాను. నాకు నెలసరి ఆగిపోయే దశ మొదలైంది. ఆ రోజుల్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోను పడుతూ లేస్తూ ఉంటుంది. అర్ధరాత్రి ఒళ్లంతా వేడి ఆవిర్లు వచ్చి మెలకువ వస్తుంది. మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. దశ దాటాక చాలామంది తేరుకుంటారు. నీకు ఈ వయసు వచ్చినప్పుడు ఎవరూ చెప్పలేదే అనుకోకూడదని ఇప్పుడే రాస్తున్నాను. మా అమ్మ నాకు చెప్పలేదు, ఆమెకూ ఎవరూ చెప్పి ఉండరు.

డాక్టరు అడిగిన ప్రశ్నల్లో నన్ను ఆలోచింపజేసింది మాత్రం చాలా చిన్నది. ఎన్ని గంటలు నిద్రపోతున్నారు? అయిదు అన్నాను. ఆమె రాయడం ఆపి నావైపు చూసింది. పగలు విన్నవి, చూసినవి నిలిచే జ్ఞాపకాలుగా కుదురుకునేది నిద్రలోనే. నేను రెండు గంటలు మిగుల్చుకుంటున్నానని అనుకుంటూ ఆ కుదురుకునే వేళనే కోసేసుకుంటున్నాను.

అల్జీమర్స్ సంగతికి వస్తాను. అరవై అయిదేళ్లలోపు అది రావడం అరుదు. నువ్వు కాగితం మాట ఎత్తగానే నాకు ఆ సాయంత్రం "రేపు" అన్న మాట తళుక్కున గుర్తొచ్చింది. గుర్తుచేస్తే గుర్తొచ్చే మరపు వేరు. గుర్తుచేసినా తెలియకపోవడం, ఒకే ప్రశ్నను కాసేపట్లోనే మళ్లీ మళ్లీ అడగడం, రోజూ వెళ్లే దారి తప్పిపోవడం వేరు. అలాంటివి నాలో ఎప్పుడైనా కనిపిస్తే దాచకుండా నాకూ నాన్నకూ చెప్పు. నేను నొచ్చుకుంటానని ఆగిపోవద్దు. నిన్ను పిలవబోయి ముందు తమ్ముడి పేరు, ఆ తరువాత పిన్ని పేరు పలికినప్పుడు మాత్రం కంగారుపడకు. దానిమీద 2016లో వచ్చిన ఒక అధ్యయనం చదివాను. సొంతవాళ్ల పేర్లన్నీ మనసులో ఒకే గుంపుగా ఉంటాయి కాబట్టి, ఒకరిని పిలవబోతే అదే గుంపులోని మరొకరి పేరు నోటికొస్తుందట.

వీధి తలుపు లోపలివైపు నువ్వు అతికించిన చీటీల గురించి కూడా చెప్పాలి. "అమ్మా, తమ్ముడి టీకా శుక్రవారం." "కరెంటు బిల్లు." "తాతయ్యకు ఫోను." అన్నీ నా కంటి ఎత్తుకు సరిగ్గా అంటించావు. వాటిని మొదట చూసినప్పుడు మురిసిపోయాను. తరువాత ఒకరోజు చీటీలు లెక్కపెడితే పదకొండు ఉన్నాయి. ఒక్కదాంట్లో కూడా నీ పని లేదు. పద్నాలుగేళ్ల పిల్ల ఇంటి పనులన్నీ తలలో మోస్తూ, తన కాగితాన్ని మాత్రం జేబులో దాచుకుంది.

వాటిని తీసేశాను తల్లీ. పారేయలేదు, నోటుపుస్తకంలో పెట్టుకున్నాను. ఇంట్లో అన్నీ గుర్తుంచుకోవడం అనేది పెద్ద పని. అది పనిగా ఎవరికీ కనిపించదు. అది నా దగ్గర పొంగి పొర్లి నీ మీద పడుతోంది. నాన్నతో కూర్చుని మాట్లాడాను. ఆయన ఎప్పటిలాగే "నాకు గుర్తుచెయ్యి, నేను చేసేస్తాను" అన్నారు. ఆ గుర్తుచేయడమే అన్నిటికన్నా బరువైన పని అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు, తరువాత ఒప్పుకున్నారు. ఇకనుంచి బిల్లులు, టీకాలు, తమ్ముడి బడి వ్యవహారాలు పూర్తిగా ఆయనవి, గుర్తుంచుకోవడంతో సహా. ఆయన ఒకటో రెండో మరచిపోతారు. మరచిపోనీ. నేను అందుకోను, నువ్వు కూడా అందుకోవద్దు.

నిన్న రాత్రి నా గది గుమ్మం దాకా వచ్చావు. ఒక చెయ్యి తలుపు మీద వేసి ఏదో చెప్పబోయావు. నా చేతిలో ఫోను చూసి, "ఏమీ లేదమ్మా" అని వెనక్కి వెళ్లిపోయావు. ఈసారి నిన్ను సరిగ్గా చూశాను. పసుపు రంగు బట్టలు వేసుకున్నావు, జడ సగం వరకే అల్లి ఉంది, కుడిచేతి వేళ్లకు సిరా అంటుకుని ఉంది.

ఏం చెప్పాలనుకున్నావు? ఈ రాత్రి తమ్ముడి గదిలో దీపం ఆర్పగానే నీ దగ్గరికి వస్తాను. ఫోను హాల్లోనే ఉంటుంది.

మీ అమ్మ