5183 పేరుతో 4043 వెల్డింగ్ వైరు ఇచ్చినందుకు ఫిర్యాదు

సేల్స్ మేనేజర్ గారికి,

నమస్కారం. ఎన్నూరు దగ్గర అద్దె షెడ్డులో నేనూ మా తమ్ముడూ రెండేళ్ళుగా 9 మీటర్ల అల్యూమినియం తెరచాప పడవ కట్టుకుంటున్నాం. అమ్మడానికి కాదు, మేమే సముద్రంలోకి తీసుకెళ్ళడానికి. పడవ అడుగుభాగానికి 5083 హెచ్116 అనే రకం అల్యూమినియం ప్లేటు వాడుతున్నాం. పోయిన నెల మీ గోడౌన్‌లో 1.2 మి.మీ. మిగ్ వైరు (వెల్డింగ్ మిషన్లో కరిగి అతుకుగా మారే తీగ) 7 కిలోల స్పూళ్ళు రెండు కొన్నాం. బిల్లు మీదా, స్పూలు మీదా మా ప్లేటుకి సరిపడే రకం, 5183 అనే ఉంది.

రెండో స్పూలు తెరిచినప్పుడు లేబుల్ ఒక మూల లేచి ఉంది. గోటితో లాగితే కింద ఇంకో లేబుల్: 4043. మిషన్లో సగం అయిపోయిన మొదటి స్పూలు తీసి చూస్తే అదీ అంతే.

4043 చెడ్డ వైరు కాదు, 6061 లాంటి వేరే రకం అల్యూమినియంకి వాడతారు. కానీ అందులో సిలికాన్ సుమారు 5 శాతం ఉంటుంది. మా ప్లేటులో మెగ్నీషియం 4 నుంచి 4.9 శాతం. రెండూ కరిగి కలిస్తే మెగ్నీషియం సిలిసైడ్ పుట్టి అతుకు పెళుసెక్కుతుంది. పైకి మాత్రం తళతళలాడుతుంది. ఈసారి ఎంత శుభ్రంగా వచ్చిందో చూడన్నా అని మా తమ్ముడు మురిసిపోయాడు కూడా.

అదే ప్లేటు ముక్కలు ఆ వైరుతో అతికి, వైస్‌లో బిగించి, పైపు తొడిగి వంచాం. ఇదివరకటి 5183 అతుకు ముక్క చీలిక లేకుండా మడత పడింది. ఇది కాస్త వంగీ వంగకముందే టక్కున విరిగింది, సరిగ్గా అతుకు నడిమధ్య.

ఇప్పటికి 14 మీటర్ల అతుకు ఈ వైరుతో వేసేశాం. కీల్, అంటే పడవ కింద బరువుగా దిగే రెక్క, అడుగుని పట్టుకునే చోటు కూడా అందులోనే ఉంది. గాలికి పడవ ఒరిగినప్పుడు, కింద బరువంతా లాగేది ఆ అతుకునే, ఒకసారి ఈ పక్కకి, ఒకసారి ఆ పక్కకి. అదంతా చెక్కి తీసి మళ్ళీ వెయ్యాలి. రెండోసారి వేడి తగిలితే ప్లేటు వంకర పోకుండా కాపాడుకోవడం ఇంకో యుద్ధం.

ఫోన్ చేస్తే మీ కౌంటర్‌లో అబ్బాయి, "రెండూ అల్యూమినియం వైర్లే కదా సార్, మార్చి ఇస్తాం" అన్నాడు. మార్చి ఇస్తే సరిపోదండీ. స్పూళ్ళ డబ్బు, వృథా అయిన ఆర్గాన్ (వెల్డింగ్ గ్యాస్), చెక్కడానికయ్యే కూలీ మీరే భరించాలి. ఆ పైలేబుల్ ఎక్కడ, ఎవరు అంటించారో రాతపూర్వకంగా చెప్పాలి. అన్నిటికంటే ముందు, ఆ లాటులో వైరు కొన్న ప్రతి ఒక్కరికీ ఈరోజే ఫోన్ చేయండి. మాకు లేబుల్ లేచింది కాబట్టి తెలిసింది. లేవని స్పూలుతో ఎవరు ఏం అతుకుతున్నారో!

పది రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. విరిగిన ముక్క, రెండు లేబుళ్ళూ ఉన్న స్పూళ్ళు షెడ్డులో అలాగే ఉంచాం. మీ మనిషిని పంపి చూసుకోండి.

ఇట్లు,
మీ కస్టమర్,
ఎన్నూరు, చెన్నై